గంట ముందు తెలిసే తుఫాను

(గుంటూరులో డిగ్రీ విద్యార్థులు, పట్టణంలోని సైన్స్ అభిమానుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల దాకా వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి. సూర్యుడి నుంచి వచ్చే తుఫానుల గురించి చెప్పడానికి వచ్చిన నేను, గుమ్మం ముందుకు వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడకుండా వదిలేసినవాణ్ణి. 1980 ఫిబ్రవరి 16. మాది నల్లగొండ జిల్లా, నాకప్పుడు పదేళ్లు. గ్రహణం నీడ నేరుగా మా జిల్లా మీదుగా పోయింది. జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ మాకు మరీ దూరం కాదు, అక్కడ శాస్త్రవేత్తలు రోజుల ముందు నుంచే పరికరాలు బిగించుకుని కూర్చున్నారు. మా అమ్మ మాత్రం వంట పెందలాడే ముగించి, పచ్చడి జాడీల మీద, నీళ్ల బిందెల మీద గరిక వేసి, తలుపులు బిడాయించింది. మా పిన్ని అప్పుడు కడుపుతో ఉంది. ఆమెను కదలొద్దని పడుకోబెట్టారు. నేను తలుపు సందులోంచి చూశాను. వాకిట్లో వేపచెట్టు కింద నేలంతా చిన్న చిన్న నెలవంకలు. ఆకుల సందుల్లోంచి పడిన ప్రతి వెలుగు చుక్కా ఒక కొరికిన సూర్యుడే. కాసేపటికి అవీ పోయాయి. కోళ్లు గూట్లోకి దూరాయి. రెండు నిమిషాల పాటు పట్టపగలు చీకటి. ఆ రెండు నిమిషాల్లో పైన ఏం కనిపించిందో నేను తర్వాత పుస్తకంలో బొమ్మగా చూశాను: నల్లటి బిళ్ల, దాని చుట్టూ తెల్లగా విచ్చుకున్న వెలుగు.

ఆ వెలుగు పేరు కరోనా. (నవ్వులు) నవ్వకండి, ఈ పేరు పెట్టింది సూర్యుడికే ముందు. కిరీటంలా ఉందని పెట్టారు. వైరస్‌కి ఆ పోలిక తర్వాత వచ్చింది.

ఇక్కడ, మీ గుంటూరులో, ఒకాయన ఆ పని నాలాగా తలుపు సందులోంచి కాకుండా సరిగ్గా చేశాడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం ఈ ఊరి మీదుగా పోయింది. ఫ్రాన్స్ నుంచి జూల్స్ జాన్సెన్ వర్ణపటమాపకం పట్టుకుని ఇక్కడికి వచ్చాడు. సూర్యుడి అంచున ఎర్రగా ఎగసిపడే జ్వాలల వెలుగును విడదీసి చూస్తే గీతలు ధగధగ మెరిశాయి. ఇంత మెరుస్తున్నాయంటే గ్రహణం లేకపోయినా కనిపించాలి కదా అని ఆయనకు అనుమానం వచ్చింది. మర్నాడు పొద్దున మామూలు ఎండలో మళ్లీ చూశాడు. కనిపించాయి. హీలియం గుంటూరులో దొరికిందని మనం గొప్పగా చెప్పుకుంటాం. నిజానికి హీలియం తాలూకు పసుపు గీతను మచిలీపట్నంలో పాగ్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్త కూడా గమనించాడు. అది కొత్త మూలకం అని వాదించింది ఇంగ్లాండులో లాక్యర్. నన్నడిగితే గుంటూరు అసలు గొప్ప హీలియం కాదు. గ్రహణం కోసం ఎదురుచూడకుండా సూర్యుడి అంచును రోజూ చూడొచ్చన్న సంగతి ఇక్కడ తేలింది. నేనివాళ చెప్పబోయేదంతా ఆ సంగతికి కొనసాగింపు.

జాన్సెన్ పద్ధతి జ్వాలలకు పనిచేసింది కానీ కరోనాకు పనిచేయలేదు. కరోనా మరీ మసక. సూర్యబింబం వెలుగులో పది లక్షల వంతు ఉంటుంది. 1930 ప్రాంతంలో బెర్నార్డ్ లియో అనే ఫ్రెంచ్ ఆయన కొండ మీద కూర్చుని టెలిస్కోపు లోపలే చంద్రుడి బదులు ఒక బిళ్ల పెట్టాడు. దొంగ గ్రహణం అన్నమాట. దాన్నే కరోనాగ్రాఫ్ అంటారు. కానీ భూమి మీద గాలి ఉంది, దుమ్ము ఉంది, ఆకాశం నీలంగా వెలుగుతుంది. ఆ గొడవలేమీ లేని చోటికి పోవాలి. అంటే పైకి.

1995 డిసెంబర్ 2న ఐరోపా, అమెరికా కలిసి పంపిన సోహో ఉపగ్రహంలో అలాంటి బిళ్ల ఉంది. రెండేళ్లు పనిచేస్తే చాలనుకున్నారు. ముప్పై ఏళ్లు లాగింది. మధ్యలో 1998లో తప్పిపోయి, మళ్లీ దొరికింది కూడా. నాకు పొద్దున్నే కాఫీ తాగుతూ దాని బొమ్మలు ఫోనులో చూడటం అలవాటు. మా ఆవిడ రాశిఫలాలు చూస్తుంది, నేను ఇది చూస్తాను.

ఆ బొమ్మల్లో ఏముంటుందో చెప్తాను, కళ్లు మూసుకుని ఊహించండి. మధ్యలో గుండ్రటి బిళ్ల. దాని మీద సన్నటి తెల్ల గీతతో గీసిన వలయం, అసలు సూర్యుడు అంత ఉంటాడని గుర్తు. చుట్టూ కరోనా పాయలు, తెల్లటి కుచ్చుల్లా. పది, పన్నెండు నిమిషాలకో బొమ్మ. రోజంతా ఏమీ జరగదు. ఉన్నట్టుండి ఒక పక్క నుంచి బుడగలాంటిది పొంగుతుంది. తర్వాతి బొమ్మలో పెద్దదవుతుంది. ఆ తర్వాతి దాంట్లో చట్రం దాటి పోతుంది. మీరు చూసింది వందల కోట్ల టన్నుల విద్యుదావేశిత వాయువు, తన అయస్కాంత క్షేత్రాన్ని కూడా చుట్టుకుని, సెకనుకు కొన్ని వందల కిలోమీటర్ల వేగంతో బయలుదేరడం. పక్కకు పోయిందంటే మనకు సంబంధం లేదు. ఒక్కోసారి బుడగ ఏ పక్కకూ పోదు. బిళ్ల చుట్టూ నాలుగు వైపులా ఒకేసారి వలయంలా విచ్చుకుంటుంది. అప్పుడు టెన్షన్ మొదలు. ఎందుకంటే నేరుగా మన వైపు వచ్చేది అలాగే కనిపిస్తుంది.

ఒక చిక్కుంది. నేరుగా మనకు దూరంగా, సూర్యుడి వెనక వైపుకు పోయేది కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది. బిళ్ల అడ్డం కదా. అందుకని రెండో బొమ్మ కావాలి, సూర్యుడి ముఖాన్నే చూసేది. 2010 నుంచి ఎస్‌డీఓ అనే ఉపగ్రహం ఆ పని చేస్తోంది. ముఖం మీద అదే సమయానికి ఏదైనా పేలి ఉంటే మన వైపే, ముఖం ప్రశాంతంగా ఉంటే వెనక్కి.

ఇంకో చిత్రం చెప్పి ముందుకు పోతాను. పెద్ద పేలుడు జరిగిన కొద్దిసేపటికి ఒక్కోసారి ఈ బొమ్మల నిండా తెల్లటి చుక్కలు, మంచు కురుస్తున్నట్టు పడతాయి. పాత టీవీల్లో యాంటెనా కదిలితే వచ్చే గవ్వల్లాగా. అవి నక్షత్రాలు కావు. కాంతి వేగంలో సగానికి దగ్గరగా దూసుకొచ్చిన ప్రోటాన్లు కెమెరాకే తగులుతున్నాయి. కాపలావాడి కళ్లలోనే దుమ్ము పడటం అది.

అంటే సూర్యుడి నుంచి మనకు మూడు రకాల బండ్లు వస్తాయి. పేలుడు వెలుగు, ఎక్స్-కిరణాలు ఎనిమిది నిమిషాల్లో వస్తాయి. దీనికి ముందస్తు కబురు అసాధ్యం, ఎందుకంటే కబురు కూడా అదే వేగంతో రావాలి. వచ్చీ రాగానే పగలున్న వైపు షార్ట్‌వేవ్ రేడియో మూగబోతుంది. రెండోది ప్రోటాన్లు, ఇరవై నిమిషాల నుంచి కొన్ని గంటలు. వ్యోమగాములకు, ఉపగ్రహాలకు ప్రమాదం. మూడోది ఇందాక బుడగలా పొంగిన ఆ వాయు మేఘం. ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. 1859లో కారింగ్టన్ అనే ఇంగ్లీషాయన చూసిన పేలుడు తాలూకు మేఘం పద్దెనిమిది గంటలు కూడా తీసుకోలేదు. అప్పుడు మన బొంబాయి కొలాబాలోని అయస్కాంత పరికరం భూమి అయస్కాంత బలంలో దాదాపు 1600 నానోటెస్లాల పతనాన్ని నమోదు చేసింది. ఆ తుఫానుకు ఇప్పటికీ ప్రపంచం చెప్పుకునే కొలతల్లో అదొకటి.

మూడో బండికే అంచనా అనే మాటకు అర్థం ఉంది. రోజుల టైముంది కాబట్టి.

కోస్తావాళ్లకు తుఫాను అంచనా అంటే నేను చెప్పక్కర్లేదు. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఎలా ఉందో, ఇప్పుడు వాయుగుండం పుట్టిన రోజు నుంచే ఫోనులో దాని దారి ఎలా కనిపిస్తోందో మీకు తెలుసు. ఫలానా చోట తీరం దాటుతుంది, గాలి ఇంత వేగంతో వీస్తుంది అని రెండు మూడు రోజుల ముందే చెప్తున్నారు. సౌర తుఫాను విషయంలో దారి చెప్పగలం. వచ్చే టైము కూడా పది పన్నెండు గంటలు అటూ ఇటూగా చెప్పగలం. దాన్ని లెక్కకట్టే కంప్యూటర్ నమూనా పేరు ఎన్‌లిల్, సుమేరియన్ల గాలిదేవుడి పేరు. కానీ కొట్టాక దెబ్బ ఎంత ఉంటుందో మాత్రం చివరి గంట దాకా తెలియదు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క ముక్కే, మిగతాదంతా దాని చుట్టూ అల్లిందే.

ఎందుకు తెలియదంటారా? భూమి చుట్టూ అయస్కాంత కవచం ఉంది. సూర్యుడికి ఎదురుగా ఉన్న వైపు దాని గీతలు ఉత్తరం వైపు తిరిగి ఉంటాయి. వచ్చే మేఘం లోపల కూడా అయస్కాంత క్షేత్రం ఉంది, పేనిన మోకులాగా మెలితిరిగి. ఆ మోకు మనల్ని తాకే చోట ఉత్తరం వైపే తిరిగి ఉంటే, కవచం మీద నుంచి జారిపోతుంది. దక్షిణం వైపు తిరిగి ఉంటే మన గీతలూ దాని గీతలూ ఒకదానికొకటి అతుక్కుంటాయి, కవచం తెరుచుకుంటుంది. తలుపు మనదే, గడియ మాత్రం వచ్చేవాడి చేతిలో ఉందన్నమాట. దూరం నుంచి బొమ్మ తీస్తే మోకు కనిపిస్తుంది కానీ అది ఎటు తిరిగి ఉందో కనిపించదు. దాని లోపలికి ఒక దిక్సూచిని ముంచి చూడాల్సిందే.

ఆ దిక్సూచిని ఎక్కడ పెట్టాలి? ఎల్1 దగ్గర. భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్లు. చంద్రుడికి నాలుగింతల దూరం, సూర్యుడి దాకా ఉన్న దూరంలో నూటికి ఒక వంతు. అక్కడున్న వస్తువు భూమితో పాటే ఏడాదికి ఒక చుట్టు తిరుగుతూ ఎప్పుడూ మనకు, సూర్యుడికి మధ్యనే ఉండగలదు. సరిగ్గా ఆ చుక్క మీదే నిలబెట్టరు. వెనకే సూర్యుడుంటే దాని రేడియో రొదలో ఉపగ్రహం మాట వినపడదు. అందుకని ఆ చుక్క చుట్టూ పెద్ద ప్రదక్షిణం చేయిస్తారు. మేఘం అక్కడ తాకగానే కబురు అయిదు సెకన్లలో మనకు చేరుతుంది. మేఘం చేరడానికి? సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే మామూలు సౌర పవనం వేగం, సెకనుకు 400 కిలోమీటర్లు అనుకుంటే గంట. 800 అయితే అరగంట. 1859 నాటి లాంటిదైతే పావుగంట కూడా కాదు.

1989 మార్చి 13న కెనడాలోని క్యుబెక్‌లో తొంభై సెకన్లలో గ్రిడ్ మొత్తం కూలిపోయి అరవై లక్షల మంది తొమ్మిది గంటలు చీకట్లో ఉన్నారు. ఆ రోజు ఎల్1 దగ్గర ఎవరూ లేరు. అంతకుముందు ఒక ఉపగ్రహం ఉండేది, ఐసీ-3 అని. 1982లో దాన్ని అక్కడి నుంచి లేపి తోకచుక్క వెంట పంపేశారు. కాపలావాణ్ణి జాతర చూసి రమ్మని పంపినట్టు. (నవ్వులు) సైన్సుకు అదీ మంచిదేననుకోండి.

ఇప్పుడు మనవాడి సంగతి. 2023 సెప్టెంబర్ 2, ఉదయం 11:50కి శ్రీహరికోటలో ఆదిత్య-ఎల్1 లేచింది. నేను గ్యాలరీలో ఉన్నాను. రాకెట్ మబ్బుల్లోకి దూరాక జనం లేచి వెళ్లిపోతున్నారు, నేను మాత్రం గంటకు పైగా స్క్రీన్ ముందే కూర్చున్నాను. ఎందుకంటే ఉపగ్రహం విడిపోవడానికి అంత సేపు పట్టింది. 2024 జనవరి 6న అది తన ప్రదక్షిణ దారిలోకి చేరింది. ఒక్క చుట్టుకు 178 రోజులు. ఏడు పరికరాలున్నాయి, అన్నీ ఏకరువు పెట్టను. నాకు ముద్దొచ్చేవి రెండు. ఒకటి వెల్క్, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ చేసిన కరోనాగ్రాఫ్. సోహో బిళ్ల పెద్దది, సూర్యుడి అంచు దగ్గర చాలా భాగాన్ని మూసేస్తుంది. వెల్క్ దాదాపు అంచు నుంచే చూస్తుంది. మేఘం మనకు బుడగలా కనిపించే లోపే దాని పుట్టుక జరిగిపోతుంది, ఆ పుట్టుక జరిగే చోటు అది. 2024 జులై 16న ఒక మేఘం ఎప్పుడు మొదలైందో వెల్క్ వర్ణపటంతో కచ్చితంగా పట్టుకున్నారు.

రెండోది నేనిందాక చెప్పిన దిక్సూచి. దాన్ని ఆరు మీటర్ల కర్ర చివర కట్టారు. ఎందుకు? ఉపగ్రహంలోని తీగలకు, మోటార్లకు కూడా సొంత అయస్కాంతత్వం ఉంటుంది, ఆ గోలకు దూరంగా ఉండాలి. కర్ర మధ్యలో ఒక సెన్సారు, చివర ఒకటి. రెండింటికీ తేడా తీస్తే ఉపగ్రహం గోల ఎంతో, బయట నిజంగా ఉన్నదెంతో తెలిసిపోతుంది. ఇంత పెద్ద ప్రయోగంలో నాకు ఆ కర్రే గుర్తుండిపోయింది.

ఇక 2024 మే. సూర్యుడి మీద 13664 అని నంబరిచ్చిన మచ్చల గుంపు పదిహేను భూముల వెడల్పుకు పెరిగింది. గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుంటే మామూలుగానే కనిపించింది. అది వరసగా మేఘాల మీద మేఘాలు వదిలింది, వెనకవి వేగంగా వచ్చి ముందున్నవాటిని తోసుకున్నాయి. అమెరికాలోని అంచనా కేంద్రం 2005 తర్వాత మొదటిసారి జీ4 హెచ్చరిక ఇచ్చింది. జీ1 నుంచి జీ5 దాకా ఉండే కొలబద్ద అది. మే 10 రాత్రి నేను మేలుకునే ఉన్నాను. మీకు గుర్తుంటే మన దగ్గర 13న పోలింగ్. ఇంట్లో టీవీ నిండా ఎన్నికల గోల, నా చేతిలో ఫోను. ఎల్1 నుంచి వచ్చే గ్రాఫులో, మోకు ఎటు తిరిగి ఉందో చూపే ఎర్ర గీత సున్నా దగ్గర నెమ్మదిగా వణుకుతోంది. పది దాటిన కాసేపటికి అన్ని గీతలూ ఒక్కసారి ఎగిరిపడ్డాయి. వేగం ఏడు వందలకు పోయింది. ఎర్ర గీత మొదట పైకి, కిందికి ఊగిసలాడింది. తర్వాత దక్షిణానికి పడిపోయి, గంటల తరబడి చాలాసేపు అక్కడే ఉండిపోయింది. గడియ తీశారు. తెల్లవారేసరికి తుఫాను జీ5కి చేరింది, 2003 తర్వాత మొదటిది. లడఖ్‌లోని హాన్లేలో కెమెరాలకు ఆకాశం ఎర్రగా దొరికింది. పొద్దున ఎనిమిదింటికి టెక్సస్‌లో ఉన్న మా మేనకోడలు వాట్సాప్‌లో గులాబీ రంగు ఆకాశం ఫోటో పంపి, "మామయ్యా, ఇదేంటి?" అని అడిగింది. అక్కడ అప్పుడు రాత్రి.

అమెరికాలో అది విత్తనాలు వేసే అదను. జీపీఎస్‌తో సాలు తప్పకుండా నడిచే ట్రాక్టర్లు దారి తప్పి కొందరు రైతులు పని ఆపేశారు. మన దగ్గర పెద్దగా ఏమీ కాలేదు. మనం భూమధ్యరేఖకు దగ్గర, పైగా అసలు దెబ్బ మనకు తెల్లవారుజామున పడింది. ఉపగ్రహాలు మాత్రం తప్పించుకోలేదు. వాతావరణం పై పొర వేడెక్కి ఉబ్బి, ఇస్రో ఉపగ్రహాలు కొన్ని ఆ రోజు మామూలు కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ కిందికి దిగాయి.

ఇదంతా విని అంచనాలు బ్రహ్మాండంగా ఉన్నాయనుకోకండి. 2014 జనవరి 7న పెద్ద పేలుడు, మేఘం వేగంగా వస్తోంది, పెద్ద తుఫాను ఖాయం అన్నారు. దాదాపు ఏమీ జరగలేదు, మేఘం దారిలో పక్కకు మళ్లింది. ఇంకోవైపు 2022 ఫిబ్రవరిలో చాలా చిన్న తుఫాను. వస్తుందని తెలుసు, చిన్నదేలే అనుకున్నారు. అప్పుడే స్టార్‌లింక్ 49 ఉపగ్రహాలను బాగా తక్కువ ఎత్తులోకి వదిలింది. గాలి ఉబ్బి, ఈడ్పు పెరిగి, నలభై దాకా కాలిపోయాయి. తుఫాను సైజు ఒక్కటే చూస్తే సరిపోదు, ఆ రోజు మనం ఎక్కడున్నామన్నది కూడా చూడాలి. పాక గుడిసెకూ డాబాకూ గాలి ఒకటే కదా.

చేయాల్సింది ఏమిటంటే పక్క నుంచి చూడటం. క్రికెట్‌లో బ్యాటరు వెనక కెమెరా నుంచి బంతి వేగం తెలియదు, సైడ్ కెమెరా నుంచి తెలుస్తుంది. ఐరోపా వాళ్లు విజిల్ (ఈల కాదు, కాపలా అని అర్థం) అనే ఉపగ్రహాన్ని 2031లో ఎల్5 వైపు పంపాలనుకుంటున్నారు. అది భూమికి అరవై డిగ్రీలు వెనక ఉండి, మన వైపు వచ్చే మేఘాన్ని పక్క నుంచి చూస్తుంది. నాలుగైదు రోజుల్లో మన వైపు తిరగబోయే సూర్యుడి ముఖాన్నీ ముందే చూస్తుంది. అమెరికా కూడా పాతబడిన కాపలాదారుల స్థానంలో 2025 సెప్టెంబర్ 24న కొత్త ఉపగ్రహాన్ని ఎల్1కు పంపింది. ఇన్ని చేసినా మోకు ఎటు తిరిగి ఉందన్న ప్రశ్న అలాగే ఉంది. దానికి జవాబు కనిపెట్టే వాళ్లు ఈ హాల్లో ఉంటే నాకు సంతోషం. ఇక ప్రశ్నలడగండి.

(ప్రశ్న: సార్, పెద్ద తుఫాను వస్తే మా ఫోన్లు పేలిపోతాయా?)

పేలవమ్మా. తుఫాను వల్ల కరెంటు పుట్టేది వందల కిలోమీటర్ల పొడవున్న తీగల్లో. నీ ఫోను జానెడు. అయితే టవరుకు కరెంటు లేకపోతే ఫోనులో సిగ్నల్ ఉండదు, అది వేరే బాధ.

(ప్రశ్న: గ్రహణం ఎప్పుడో పంచాంగంలో సెకన్లతో సహా చెప్తారు కదండీ. ఈ పేలుడు ఎందుకు చెప్పలేరు?)

మంచి ప్రశ్న మాస్టారూ. గ్రహణం మూడు బంతుల లెక్క. పేలుడు మరుగుతున్న పులుసు లెక్క. పులుసు పొంగుతుందని చూస్తే తెలుస్తుంది, మొదటి బుడగ ఏ మూల పగులుతుందో చెప్పలేం. అందుకే రేపు పెద్ద పేలుడుకు ఇంత శాతం అవకాశం అని మాత్రమే చెప్తారు.

(ప్రశ్న: మీరు ఆ తర్వాతైనా సంపూర్ణ గ్రహణం చూశారా?)

లేదండీ, ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం. 2027 ఆగస్టు 2న ఈజిప్టులో లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైగా ఉంటుంది. డబ్బులు దాస్తున్నాను. మా అమ్మకు ఎనభై దాటాయి, నాతో వస్తావా అని అడిగాను. "గ్రహణం పూట బయటికెందుకురా?" అంది.